చలి మీద నెపం!

డిసెంబరు వచ్చిందంటే చాలు, తెల్లవారుజామున ఏ ఊళ్లోనైనా, ఏ వీధిలోనైనా ఓ పాట వినిపిస్తుంది. కిర్ర్‌ర్... కిర్ర్... కిర్... టక్! కాసేపు నిశ్శబ్దం. మళ్లీ కిర్... టక్! ఆ తర్వాత బానెట్ లేచిన చప్పుడు. చివరగా దుప్పట్లోంచి ఓ గొంతు... ‘చలికి పట్టేసినట్టుందే!’

కారు ఎవరిదైనా, కంపెనీ ఏదైనా నెపం మాత్రం చలి మీదే. మనిషికి జలుబు చేసినట్టే బండికీ చేసిందనుకుంటాం. కాస్త ఎండ పొడవగానే అది స్టార్టవుతుంది కూడా. దాంతో మన అనుమానం కాస్తా నమ్మకమైపోతుంది. ఆ రోజుకి గండం గడిచిందని మర్చిపోతాం.

నాకు ఈ నమ్మకం మీద మొదట్నుంచీ ఓ చిన్న సందేహం. ఎందుకంటే మాది ఆత్మకూరు. ఆ పేరు చెప్పగానే ‘నెల్లూరు ఆత్మకూరా? నంద్యాల దగ్గరిదా? వరంగల్ వైపు కూడా ఒకటుందే...’ అంటారు. అవేవీ కావు. మాది వనపర్తి జిల్లా ఆత్మకూరు. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. అమరచింత సంస్థానం కోట ఉన్న ఊరు, జూరాల ప్రాజెక్టు పక్క ఊరు అంటే పాలమూరు వాళ్లు ఠక్కున గుర్తుపడతారు. మా దగ్గర మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. రాళ్లు పగిలే ఎండ అంటారే, అదన్నమాట. చలి సంగతికొస్తే... నిజం చెప్పాలంటే మాది చలే కాదు. పళ్లు టకటకలాడాయని మేం చెప్పుకునే రోజున కూడా 12, 13 డిగ్రీలుంటుంది. ఆదిలాబాద్ అడవుల్లో ఉండేవాళ్లు వింటే నవ్వుతారు. మూడు, నాలుగు డిగ్రీలు చూసే లంబసింగి వాళ్లయితే మా ఊళ్లో జనవరిలో కూడా ఫ్యాను వేసుకుంటారేమో!

మరి ఆ కాస్త చలికే ఇనుప బండి మొరాయిస్తుందా? పోయినేడాది జనవరిలో ఈ సందేహం తీరింది. తీరిన తీరు మాత్రం మా ఇంట్లో ఎవరమూ మర్చిపోలేం.

* * *

మా పెదనాన్నకి రెండు కిడ్నీలూ పనిచేయవు. వారానికి మూడుసార్లు డయాలసిస్... మంగళ, గురు, శనివారాలు. మహబూబ్‌నగర్‌లోని ఓ ఆస్పత్రిలో పొద్దున ఆరున్నరకి ఆయన వంతు. అక్కడ మిషన్లు తక్కువ, ఎదురుచూసే మనుషులు ఎక్కువ. ఓ విడత నాలుగు గంటలు పడుతుంది. మొదటి విడత వాళ్లు ఆలస్యమైతే ఆ రోజంతా అందరి వంతూ వెనక్కి జరుగుతుంది. అందుకని బాగా ఆలస్యమైనవాళ్లని ఆపేసి, తర్వాతివాళ్లని పడుకోబెట్టేస్తారు. వాళ్లని తప్పుపట్టడానికీ లేదు.

డయాలసిస్ మనిషి ఉన్న ఇంట్లో వారానికి ఏడు రోజులుండవు. మంచి రోజులు కొన్ని, బరువు రోజులు కొన్ని ఉంటాయి. శనివారం చేయించుకుంటే మళ్లీ మంగళవారమే కదా. మధ్యలో రెండ్రోజుల ఎడం. నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయి. కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం మొదలవుతుంది, రక్తంలో పొటాషియం పెరిగితే ఏకంగా గుండెకే ముప్పు. కిడ్నీ డాక్టర్లు అందరికన్నా ఎక్కువగా భయపడేది ఆ పెద్ద ఎడానికే. మంగళవారం తప్పిపోవడమంటే మాటలు కాదు.

నేను సంక్రాంతికి ఊరెళ్లాను. పండగ దాటాక వచ్చిన మంగళవారమే అది. అన్నకి తోడుగా ఈసారి నేనూ వెళ్దామని నాలుగింటికే లేచాను. జూరాల వైపు నుంచి సన్నటి గాలి. వాకిట్లో ముగ్గు మీద మంచు. పెదనాన్న మంకీ క్యాప్, శాలువా, కాళ్లకి ఉన్ని సాక్సులతో వెనక సీట్లో కూర్చున్నాడు. పక్కన పెద్దమ్మ, ఒళ్లో ఇడ్లీల డబ్బా. నాలుగున్నరకి అన్న తాళం తిప్పాడు.

టక్‌టక్‌టక్‌టక్‌టక్...

ఇంకోసారి. టక్‌టక్‌టక్... డ్యాష్‌బోర్డు మీద లైట్లు గుడ్డిదీపాల్లా అయిపోయాయి.

‘‘చలికి పట్టేసిందే!’’ అన్నాడు అన్న.

‘‘చలి గాదు, ఏం గాదు. బ్యాటరీ’’ అంది వెనక సీట్లోంచి శాలువా.

ఇక్కడ మా పెదనాన్న గురించి కొంచెం చెప్పాలి. ఆయన గద్వాల డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. అంతకుముందు కొన్నేళ్లు ఓ షావుకారు గారి అంబాసిడర్ నడిపాడు. అందులో హ్యాండిల్ ఉండేది. సెల్ఫ్ పనిచేయకపోతే ముందుకెళ్లి, ఇనుప కడ్డీ గుచ్చి, గట్టిగా తిప్పి ఇంజిన్ లేపాలి. ‘బొటనవేలు హ్యాండిల్ చుట్టూ చుట్టొద్దు బిడ్డా, నాలుగు వేళ్ల పక్కనే పెట్టుకోవాలె. ఇంజిన్ ఉల్టా తంతే వేలు పోతది’ అని చిన్నప్పుడు మాకు కథలా చెప్పేవాడు. ఆ మాటలో నిజం ఉంది. తొలినాళ్లలో పెట్రోలు కార్లు చాలావరకు అలాగే స్టార్టయ్యేవి, ఆ హ్యాండిల్ వెనక్కి తన్ని చేతులు విరగ్గొట్టుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. చార్లెస్ కెటరింగ్ అనే అమెరికా ఇంజినీరు 1911లో కరెంటుతో తిరిగే స్టార్టరు తయారుచేశాడు. మరుసటేడాది అది క్యాడిలాక్ కార్లలోకి వచ్చింది. మనం ‘సెల్ఫ్’ అని ముద్దుగా పిలుచుకునేది దాన్నే.

ఆర్టీసీలో పెదనాన్న ఎక్కువకాలం చేసింది నైట్ హాల్ట్ బస్సుల మీద. రాత్రి చివరి ట్రిప్పుతో పల్లెకి చేరి, అక్కడే పడుకుని, తెల్లవారగానే మొదటి ట్రిప్పు తీయాలి. మెకానిక్ ఉండడు, డిపో ఉండదు, అప్పట్లో ఫోను కూడా ఉండేది కాదు. అందుకే బస్సుని ఎప్పుడూ దిగుడు ఉన్నచోటే ఆపేవాడట. పొద్దున సెల్ఫ్ తిరగకపోతే బ్రేకు వదిలేస్తే చాలు, బస్సు తనంతట తానే కదిలి స్టార్టయ్యేది. దిగుడు లేని ఊళ్లో జనమే దిక్కు. కూరగాయల గంపలు పక్కన పెట్టి అందరూ కలిసి నూకాల్సిందే. టికెట్టు కొన్నదీ వాళ్లే, బండి తోసేదీ వాళ్లే!

ఇంతకీ... చప్పుడు వినే రోగం చెప్పేస్తాడాయన. ఆ చీకట్లో సీటు దిగకుండానే మాకు పాఠం చెప్పేశాడు. తాళం తిప్పితే టక్‌టక్‌మని వరసగా కొట్టుకుంటోందంటే బ్యాటరీలో ప్రాణం కొంచెమే ఉంది. సెల్ఫ్‌ని పట్టి లాగాలని చూస్తోంది, చాలక వదిలేస్తోంది. ఒక్కటే ‘టక్’ మని ఆగిపోయి, లైట్లు మాత్రం బాగా వెలుగుతుంటే అనుమానం సెల్ఫ్ మోటారు మీద. లైటూ లేదు, చప్పుడూ లేదంటే తీగ ఊడిందో, బ్యాటరీ పూర్తిగా చచ్చిందో. సెల్ఫ్ గిర్రుమని ధాటిగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోలేదంటే మాత్రం బ్యాటరీని తిట్టకూడదు. పెట్రోలు అందట్లేదో, ప్లగ్గులు నిప్పు వేయట్లేదో చూసుకోవాలి.

‘‘హెడ్‌లైట్ ఏసి సెల్ఫ్ కొట్టు. లైటు చూడు’’ అన్నాడు. అన్న కొట్టాడు. గోడ మీద వెలుగు దీపం ఆరినట్టు పోయింది.

‘‘సూసినవా!’’

బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ టెర్మినల్ చుట్టూ తెల్లగా, కాస్త పచ్చగా బూజులాంటి పొడి. వదిన వంటింట్లోంచి వేడినీళ్లు, తినే సోడా తెచ్చింది. బ్యాటరీ తీగ విప్పి ఆ సోడా నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తే బుసబుసమని పొంగి పొడి కరిగిపోయింది. తుడిచి, మళ్లీ బిగించాం. ఈ పొడి వల్లే కరెంటు అందని సందర్భాలు చాలా ఉంటాయట, సగం బళ్లు దీనికే లేస్తాయట. మాది ఆ సగంలో లేదు. టక్‌టక్‌టక్...

టైము నాలుగూ యాభై. పెద్దమ్మ నోట్లో వెంకటేశ్వరస్వామి పేరు మొదలైంది.

నూకాం. నేను, అన్న స్నేహితుడు, పాలు తీసుకుని పోతున్న ఇద్దరు. అన్న తాళం ఆన్‌లో పెట్టి, రెండో గేరులో వేసి, క్లచ్ నొక్కి కూర్చున్నాడు. బండి వేగం అందుకోగానే క్లచ్ వదిలాడు. ఓసారి దగ్గి, ఆగిపోయింది. ఇంకోసారి. అదీ అంతే. పెదనాన్న లోపల్నుంచి ‘‘ఆపుండ్రి, ఆపుండ్రి’’ అన్నాడు. పాత డీజిల్ బస్సుకీ ఈ కారుకీ తేడా అక్కడే ఉంది. ఇప్పటి బండికి పెట్రోలు పంపుకీ, లోపలున్న కంప్యూటరుకీ కూడా కరెంటు కావాలి. బ్యాటరీ మరీ అడుగంటితే ఎంత నూకినా కుదరదు. గేరు లేని ఆటోమేటిక్ కార్ల సంగతైతే అడగనే అక్కర్లేదు, వాటిని నూకి స్టార్ట్ చేసే వీలే లేదు.

చివరికి మమ్మల్ని కాపాడింది ఓ పాల వ్యాను. దాని డ్రైవరు దగ్గర జంప్ కేబుళ్లున్నాయి. ఈ పని మన దగ్గర చాలామంది ఎడాపెడా చేసేస్తుంటారు కాబట్టి వరస చెబుతాను. ముందు ఎర్ర తీగ చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. తర్వాత నల్ల తీగ మంచి బ్యాటరీ మైనస్‌కి. నాలుగో కొస మాత్రం చచ్చిన బ్యాటరీకి తగిలించకూడదు. ఆ కారు ఇంజిన్‌కే ఎక్కడైనా రంగు లేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. ఎందుకంటే బ్యాటరీలోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంటుంది. ఆఖరి తీగ తగిలించేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది. ఆ రెండూ ఒకచోట కలిస్తే బ్యాటరీ పేలి మొహం మీద యాసిడ్ చిమ్ముతుంది. ఇంకో సంగతి, రెండూ పన్నెండు వోల్టుల బళ్లే అయ్యుండాలి. బస్సుల్లో, లారీల్లో సాధారణంగా రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులుంటాయి. వాటితో కారుకి జంప్ ఇస్తే కారులోని కంప్యూటరు మసైపోతుంది.

వ్యాను ఇంజిన్ ఓ ఐదు నిమిషాలు నడిచింది. అన్న తాళం తిప్పాడు. లేచింది!

ఐదూ పది. దారి పొడవునా ఎవరూ మాట్లాడలేదు. పెద్దమ్మ ఆయన పాదాల మీద వేలితో నొక్కి చూస్తోంది, గుంట ఎంతసేపు ఉంటుందోనని. ఆరూ నలభై ఐదుకి ఆస్పత్రి గేటు దగ్గర దిగాం. అన్న ఇంజిన్ ఆపలేదు, ఆపితే మళ్లీ లేస్తుందన్న భరోసా లేదు. లోపల టెక్నీషియన్ అమ్మాయి గడియారం చూసి, పెదనాన్న మొహం చూసి, ‘‘రా తాతా, నీ బెడ్డు ఇంకా ఎవ్వరికీ ఇయ్యలే’’ అంది. పెద్దమ్మ అప్పుడు ఏడ్చింది.

* * *

ఆయన్ని మిషన్‌కి తగిలించాక మాకు నాలుగు గంటల టైముంది. బ్యాటరీల కొట్టు తెరిచేదాకా అన్న బండిలోనే కూర్చున్నాడు. కొట్టాయన వయసులో మాకన్నా చిన్నవాడే. ముందు ఇంజిన్ ఆపించి, కాసేపాగి మీటరు పెట్టాడు. 12.4 చూపించింది. ‘‘బాగానే ఉంది కదా’’ అన్నాను. నవ్వాడు. రెండు కొమ్ములున్న ఇంకో పరికరం తెచ్చి ఆనించాడు. అది బ్యాటరీ మీద బరువు పెట్టి చూస్తుందట, అంటే సెల్ఫ్ తిప్పినంత కరెంటు గుంజుతుంది. ముల్లు గభాలున ఎనిమిదికి పడిపోయింది. మంచి బ్యాటరీ అయితే తొమ్మిదిన్నర కిందకి దిగకూడదు. తర్వాత బ్యాటరీ మూతలు ఒక్కొక్కటే విప్పి టార్చి వేశాడు. లోపల నీళ్లు ప్లేట్ల కిందకి దిగిపోయాయి. ప్లేట్లు ఎండిన చెరువులో రాళ్లలా బయటికి కనిపిస్తున్నాయి.

‘‘పొద్దున చలికి పోయింది కదా’’ అన్నాడు అన్న, ఇంకా ఆశ చావక.

‘‘చలికి పోలేదన్నా. ఇది మే నెలలనే పోయింది. మీకు ఇయ్యాల తెల్సింది, అంతే.’’

ఆ ఒక్క మాట నన్ను పట్టుకుంది. హైదరాబాద్ వచ్చాక కూడా వదల్లేదు. ఆ తర్వాత నేను అడిగినవీ చదివినవీ అన్నీ ఆ కుర్రాడు చెప్పిందానికే సాక్ష్యం పలికాయి.

కారు బ్యాటరీ ఇవాళ్టిది కాదు. గాస్టన్ ప్లాంటే అనే ఫ్రాన్స్ శాస్త్రవేత్త 1859లో కనిపెట్టాడు. సీసం పలకలు, గంధకామ్లం... అప్పుడూ అవే, ఇప్పుడూ అవే. లోపల ఆరు గదులుంటాయి, ఒక్కో గది రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది. నిండుగా ఛార్జి అయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2కి వచ్చిందంటే సగం ఖాళీ. లోపల జరిగేదంతా రసాయన చర్య. వంటలాగే దానికీ వేడి తగిలితే వేగం, చల్లబడితే నెమ్మది.

చిక్కంతా ఇక్కడే. వేడికి మంచి పనులతో పాటు చెడ్డ పనులు కూడా వేగంగా జరుగుతాయి. పలకల్లోని సీసాన్ని ఆమ్లం తినేయడం, నీళ్లు ఆవిరైపోవడం... ఇవన్నీ. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి సగం తగ్గుతుందని ఓ మోటు లెక్క. బయట 44 డిగ్రీలుంటే, ఎండలో ఆపిన కారు బానెట్ కింద, నడిచొచ్చిన ఇంజిన్ పక్కన ఎంతుంటుందో ఊహించుకోండి. మా ఊళ్లో బ్యాటరీకి మే నెలంటే పెనం మీద కూర్చోవడమే.

అయితే అప్పుడు మనకి ఏమీ తెలియదు. ఎందుకంటే ఎండాకాలంలో బ్యాటరీకి పని తేలిక. వేడికి ఉన్న శక్తి అంతా చురుగ్గా బయటికి వస్తుంది. ఇంజిన్ ఆయిల్ నీళ్లలా పలచగా ఉంటుంది. సగం చచ్చిన బ్యాటరీ అయినా సెల్ఫ్‌ని తిప్పేస్తుంది. అదే జనవరి తెల్లవారుజామున రెండు కష్టాలు ఒకేసారి వస్తాయి. లోపల రసాయన చర్య మందగించి బ్యాటరీ ఇచ్చేది తగ్గుతుంది. చలికి ఆయిల్ చిక్కబడి ఇంజిన్ అడిగేది పెరుగుతుంది. డిసెంబరులో కొబ్బరినూనె సీసాని గ్యాస్ స్టవ్ పక్కన పెట్టుకుంటాం కదా? ఇంజిన్ ఆయిల్ అలా గడ్డకట్టదు కానీ దారి అదే. ఆయిల్ డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని ఉంటుంది చూడండి, ఆ ‘డబ్ల్యూ’ అంటే వింటరు అని! చలిలో ఎంత పలచగా ఉంటుందో చెప్పే గుర్తు అది. ఇవ్వడం తగ్గి, అడగడం పెరిగితే ఏ ఇంట్లోనైనా ఏమవుతుంది? టక్‌టక్‌టక్!

ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీకి మా 13 డిగ్రీలు లెక్కే కాదు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ లెక్క ప్రకారం సున్నా డిగ్రీల దగ్గర కూడా బ్యాటరీ కోల్పోయేది సుమారు 35 శాతం బలమే. మైనస్ 18కి దిగితే 60 శాతం దాకా పోతుంది. అదీ అసలు చలంటే.

అసలు చలి సంగతి మా పిన్ని కొడుకుని అడగాలి. షికాగోలో ఉంటాడు. 2019 జనవరి 30న అక్కడ మైనస్ 30 డిగ్రీలు దాటింది. చాలా రాష్ట్రాల్లో ఉత్తరాలు పంచడం కూడా ఆపేశారు. ఆ పొద్దున వాడి కారు లేవలేదు, పక్కింటివాళ్లదీ లేవలేదు. పిన్ని ఆత్మకూరు నుంచి వీడియో కాల్లో ‘‘వేడినీళ్లు పొయ్‌రా’’ అని సలహా ఇచ్చిందట! (దయచేసి ఎవరూ పోయకండి. మైనస్ 30లో పోసిన నీళ్లు నిమిషాల్లో మంచయిపోతాయి.) నార్త్ డకోటా, మిన్నెసోటా, కెనడాల్లో కార్ల ముందు నుంచి ఓ ప్లగ్గు వేలాడుతుంటుందని వాడే చెప్పాడు. రాత్రి దాన్ని ఇంటి కరెంటుకి పెడితే ఇంజిన్ పొద్దుటిదాకా వెచ్చగా ఉంటుంది. మన లద్దాఖ్‌లోనూ తక్కువ కష్టాల్లేవు. అక్కడ డీజిల్లో ఉండే మైనం గడ్డకట్టి పైపులు మూసుకుపోతాయి. ట్యాంకు కింద మంట పెట్టి కరిగించే డ్రైవర్లుండేవారు. మైనస్ 33 డిగ్రీల్లోనూ పారే డీజిల్‌ని ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో అక్కడికి పంపడం మొదలుపెట్టింది.

వీటిని మా 13 డిగ్రీల పక్కన పెట్టి చూస్తే నాకు నవ్వొచ్చింది. షికాగోలో బ్యాటరీని చలి చంపుతుందంటే అర్థముంది. ఆత్మకూరులో చలికి అంత సీన్ లేదు! అది ఎండాకాలం చేసిన హత్యని పంచనామా చేస్తుంది, అంతే. అమెరికాలో కూడా చల్లటి ఉత్తరాది రాష్ట్రాల కన్నా ఎండలు మండే దక్షిణాదిలోనే బ్యాటరీలు తొందరగా పోతాయట.

కరెంటు కార్లొస్తే ఈ బాధలుండవనుకునేవాళ్లకి ఓ మాట. వాటిలోని లిథియం బ్యాటరీలకి కూడా చలి పడదు. 2024 జనవరిలో షికాగో చలికి ఛార్జింగ్ స్టేషన్ల దగ్గర టెస్లా కార్లు బారులు తీరి నిలిచిపోయాయి. పైగా చాలా కరెంటు కార్లలో లైట్లకీ తాళాలకీ పాతకాలపు పన్నెండు వోల్టుల బ్యాటరీ ఇప్పటికీ ఉంటుంది. అది పోతే తలుపు కూడా సరిగ్గా తెరుచుకోదు! మా పాలమూరులోనే, మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో, అమరరాజా కంపెనీ లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన చేసింది. ముహూర్తం మేలోనే కుదిరింది చూడండి, బ్యాటరీకి అన్నిటికన్నా గడ్డు నెల!

* * *

కొట్టు కుర్రాడూ, పెదనాన్నా కలిపి చెప్పినవాటిలో ఇంట్లో అందరికీ పనికొచ్చేవి కొన్నున్నాయి. చలి పొద్దున తాళం తిప్పే ముందు ఏసీ, లైట్లు, పాటలు అన్నీ ఆపేయాలి. క్లచ్ పూర్తిగా నొక్కి స్టార్ట్ చేస్తే గేరుబాక్సులోని చిక్కటి ఆయిల్‌ని తిప్పే బరువు సెల్ఫ్ మీద పడదు. ఒకసారికి పది సెకన్ల మించి సెల్ఫ్ కొట్టకూడదు, లేవకపోతే ఓ నిమిషం ఆగాలి. వదలకుండా కొడితే బ్యాటరీతో పాటు సెల్ఫ్ కూడా కాలిపోతుంది. ఇప్పటి పెట్రోలు కార్లలో యాక్సిలరేటర్ తొక్కాల్సిన పనే లేదు. ఒకప్పటి మారుతి 800లో చోక్ లాగినట్టు, చలికి ఎక్కువ పెట్రోలు పంపే పని కంప్యూటరే చూసుకుంటుంది. డీజిల్ బండైతే హీటర్ గుర్తు ఆరిపోయేదాకా ఓపిక పట్టాలి. మనవాళ్లలో చాలామందికి లేనిది ఆ రెండు మూడు సెకన్ల ఓపికే!

జంప్ ఇచ్చి లేపిన బండిని వెంటనే ఆపొద్దు. కనీసం అరగంటన్నా తిప్పాలి. అలాగని చచ్చిన బ్యాటరీకి కారులోని డైనమోతోనే పూర్తిగా ఛార్జి ఎక్కించాలనుకోవడం దాన్ని అరగదీయడమే. కొట్లో ఛార్జింగ్‌కి పెట్టించడం చవక. అన్నిటికన్నా చవకైనది మీటరు. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. రాత్రంతా ఆగిన బండికి పొద్దున తాళం తిప్పకముందు పెట్టి చూడాలి. అప్పుడు చెప్పేదే నిజం. మా బ్యాటరీ ఆ రోజు 12.4 చూపించి నన్ను మోసం చేసింది కదా, అది గంటన్నర ప్రయాణంలో అప్పుగా తెచ్చుకున్న బలం. అందుకే మూడేళ్లు దాటిన బ్యాటరీకి మీటరు ఒక్కటే చాలదు, ఆ బరువు పెట్టి చూసే పరీక్ష కూడా చేయించాలి. చాలా కొట్లలో ఊరికే చేస్తారు.

ఇదంతా ఎప్పుడు చేయించాలి? నేను డిసెంబరు మొదట్లో అనుకున్నాను. కొట్టు కుర్రాడు ఒప్పుకోలేదు. ఎండలు పోయాక, చలి రాకముందే చేయించాలట. అంటే సెప్టెంబరు, అక్టోబరు. ‘‘అప్పుడు ఎవరొస్తరన్నా, దసరాకి బండి కడుగుతరు, పూల దండ ఏస్తరు, బానెట్ మాత్రం లేపరు’’ అన్నాడు.

పోయిన దసరాకి నేను ఊళ్లోనే ఉన్నాను. ఆ రోజు డయాలసిస్ లేదు. పెదనాన్న వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అన్న కారు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ కట్టి, గుమ్మడికాయ దిష్టి తీశాడు. నిమ్మకాయలు టైర్ల కింద పెట్టబోతుంటే ఆయన చెయ్యి ఎత్తాడు.

‘‘ముందుగాల బానెట్ లేపు. మీటరు పెట్టు.’’

అన్న పెట్టాడు. 12.6.

‘‘ఆఁ, ఇంగ నిమ్మకాయ పెట్టుకో’’ అన్నాడు పెదనాన్న.